గాజుల డబ్బాలో గొట్టం

మే 6, సోమవారం

నా రాత బాగుండదు. ఒత్తులు తప్పుతాయి, వరుసలు కిందికి జారిపోతాయి. ఆరో తరగతి వరకే చదివాను. ఆ తర్వాత ఎనిమిదేళ్ళు కలం పట్టలేదు. ఎవరూ చదవని పుస్తకంలో క్షమాపణ ఎందుకో నాకే తెలియదు. రాయడం మొదలుపెట్టగానే వెనుక ఎవరో నిలబడి చూస్తున్నట్టుంది, అందుకని ముందే చెప్పుకుంటున్నాను.

ఈ డైరీ ఇంటిని ఆనుకుని ఉన్న మా ట్రాక్టర్ రిపేరు షెడ్డుకు ఆయిల్ కంపెనీ వాళ్ళు ఇచ్చింది. జనవరి నుంచి అలాగే పడి ఉంది. మా ఇంట్లో తెలుగు మాట్లాడడం అందరికీ వచ్చు, చదవడం ఎవరికీ రాదు. అందరం అమ్మీ అని పిలిచే మా అత్త బడికే పోలేదు. జబ్బార్ భాయ్‌ది ఉర్దూ బడి. ఆయన తమ్ముడు, అంటే మా ఆయనది కూడా అదే బడి. శ్రీరాంపూర్‌లో మా పుట్టింటి కాలనీకి దగ్గర్లో ఉన్నది తెలుగు బడి ఒక్కటే కాబట్టి నాకు తెలుగు వచ్చింది. ఇక్కడ భైంసాలో అది తాళం ఉన్న పెట్టెలా పనికొస్తోంది.

మా ఆయన మస్కట్ వెళ్ళి ఏడు నెలలైంది.

మే 7, మంగళవారం

షెడ్డులోకి ఒక చిన్న ట్రాక్టర్ వచ్చింది. వయసులో నాకంటే పెద్దది. ముందు పెంట, మట్టి ఎత్తే బకెట్ ఉంది, వెనుక నాగలి ఎత్తే లిఫ్టు ఉంది. బకెట్ పైకి లేపి వదిలితే నిలవడం లేదట, మెల్లగా దిగిపోతోందట. వాల్వులో సీళ్ళు పోయాయని జబ్బార్ భాయ్ అన్నాడు. వాల్వు అంటే లీవర్ల కింద ఉండే ఇనుప దిమ్మ. నూనె ఎటు పోవాలో అదే పంచుతుంది.

ఇదంతా కిటికీలోంచే చూశాను. వంటింటికీ షెడ్డుకీ మధ్య కిటికీ, దానికి పరదా. జబ్బార్ భాయ్‌తో నేను మాట్లాడను. భర్త అన్న ముందు నోరెత్తకపోవడం ఇంటి పద్ధతి. చెప్పాల్సింది అమ్మీకి చెప్తే అమ్మీ ఆయనకు చెప్తుంది. విప్పిన చిన్న సామాను మాత్రం ట్రేలో కిటికీ గడప మీదికి వస్తుంది. నేను డీజిల్‌లో కడిగి, తుడిచి, మళ్ళీ అక్కడే పెడతాను.

ట్రాక్టర్ మల్లన్న అనే రైతుది. ఆంజనేయ స్వామి మాల వేసుకున్నాడు. ఒంటి మీద కాషాయం, కాళ్ళకు చెప్పుల్లేవు. పెద్ద హనుమాన్ జయంతికి కొండగట్టు మెట్లు ఎక్కి మాల తీస్తాడట.

"స్వామీ, నేలంత ఇనుప ముక్కలున్నయ్, జర చూసి నడువు" అన్నాడు జబ్బార్ భాయ్.

"నన్ను నడిపేటోడు కొండ మీదున్నడు భాయ్. నువ్వు బండిని నడిపియ్యి, సాలు."

నాకు నవ్వొచ్చింది. పరదా వెనుక నవ్వితే ఎవరికీ కనబడదు.

మే 8, బుధవారం

వాల్వు విప్పారు. ఏడు పైపులు వేలాడుతున్నాయి. జబ్బార్ భాయ్ మసీదుకు పోయినప్పుడు షెడ్డు ఊడ్చే పని నాది. ఊడుస్తూ పైపులకు దారాలు కట్టాను. పంపు నుంచి వచ్చేదానికి ఎర్రది. వెనుక లిఫ్టుకు పోయేదానికి పచ్చది. మిగిలిన నూనె ట్యాంకులోకి తిరిగి పోయేదానికి నల్లది. బకెట్ పైపులు నాలుగింటికి జతలుగా పసుపు, తెలుపు.

ఇది మా నాన్న, అబ్బా, నేర్పిన పని. అబ్బా బొగ్గు బావిలో ఫిట్టరు. ఇంటికి వచ్చాక కూడా చేతుల నిండా అదే నూనె వాసన. "నూనె యాడికెల్లి వచ్చి యాడికి పోతుందో చూసినంకనే పానా పట్టాలె" అనేవాడు. నన్ను ముందు కూర్చోబెట్టుకుని విప్పేవాడు, నన్నే కట్టమనేవాడు.

మే 9, గురువారం

మల్లన్న వచ్చాడు. దారాలు చూశాడు.

"గీ దారాలేంది భాయ్? పొలాల అమాసకు ఎడ్ల కొమ్ములకు కట్టినట్టున్నయ్. ఎవరు కట్టిండ్రో గని, మస్తు తెలివి."

మల్లన్న పోయాక జబ్బార్ భాయ్ లోపలికి వచ్చి, నేను పక్కనే రొట్టెలు చేస్తుండగా అమ్మీతో అన్నాడు. వాళ్ళు మాట్లాడింది ఉర్దూలో, నేను తెలుగు చేసి రాస్తున్నాను. దుల్హన్ అంటే కోడలు, నేనే.

"అమ్మీ, దుల్హన్‌కు చెప్పు. సామాను కడగమన్నం గని సొంత తెలివి చూపమనలే. కస్టమర్ ముందట నా ఇజ్జత్ తీసింది. ఇరవై ఏండ్ల సంది పానా పడుతున్న. రంగు దారం చూస్తెనే నాకు పైపు తెలుస్తదా?"

"విన్నవా?" అంది అమ్మీ నాతో.

తల ఊపాను.

బ్లేడుతో అన్నీ కోసి, మురికినీళ్ళు పోయే మోరీలో పారేశాడు. ఎర్ర దారం మోరీ మూతి దగ్గర చిక్కుకుని సాయంత్రం దాకా ఊగుతూనే ఉంది.

సాయంత్రం, సామాను తుడిచిన గుడ్డ దులిపితే ఒక గొట్టం జారి పడింది. వేలెడు పొడవు, ఉంగరమంత లావు. ఎక్కడిదో చూడగానే తెలిసింది. వాల్వులో వెనుక లిఫ్టు పైపు కలిసే మూతిలో కూర్చునేది. లిఫ్టుకు పోయే నూనెనూ ట్యాంకుకు తిరిగిపోయే నూనెనూ అదే విడదీస్తుంది. రేపు ట్రేలో పెట్టి ఇస్తాను.

మే 10, శుక్రవారం

ఇవ్వలేదు. వాల్వు పొద్దున్నే సీళ్ళ కోసం నిజామాబాద్ పోయింది. గొట్టాన్ని నా గాజుల డబ్బాలో పెట్టాను, పోకుండా ఉంటుందని. అడిగితే ఇస్తాను.

శుక్రవారం కాబట్టి మా ఆయన ఫోన్ చేశాడు. ఫోన్ అమ్మీ చేతిలో ఉంటుంది. తెరలో సగం అమ్మీ చెంప, సగం జబ్బార్ భాయ్ గడ్డం. నా వంతు చివరికి వస్తుంది.

"ఎట్లున్నవ్ నౌషీన్?"

"మంచిగున్న."

"ఫికర్ జెయ్యకు."

ఈ ఇంట్లో నా పేరు ఆయన నోట్లోనే ఉంది. మిగతా వాళ్ళకు నేను దుల్హన్‌ను. ఆయన మంచివాడు.

మే 14, మంగళవారం

ఎవరూ అడగలేదు.

మే 18, శనివారం

వాల్వు తిరిగొచ్చింది. ఇప్పుడు అడుగుతారు.

మే 19, ఆదివారం

అడగలేదు. గొట్టం ఒకటి ఉండాలన్న సంగతే జబ్బార్ భాయ్‌కు గుర్తున్నట్టు లేదు. పైపులు మాత్రం సరిగ్గానే కలిపాడు. బకెట్ లేచింది, నిలిచింది. వెనుక లిఫ్టు లేవలేదు. పొద్దంతా కింద పడుకుని, లేచి, చేతులు తుడుచుకుని, మళ్ళీ పడుకున్నాడు. మూడుసార్లు చాయ్ అడిగాడు. గడప మీద పెట్టాను. గాజుల డబ్బా నా వెనుక అరలోనే ఉంది.

ఒక్క మాట అడిగితే చాలు. "అమ్మీ, దుల్హన్ ఏమన్న చూసిందా అడుగు" అంటే చాలు.

మే 20, సోమవారం

ఈ రోజు జబ్బార్ భాయ్ కొత్త తెలివి చేశాడు. నల్ల దారం కట్టిన పైపు ఉంది కదా, నూనె ట్యాంకులోకి తిరిగి పోయేది. దాన్ని వాల్వు నుంచి ఊడదీసి, ఆ మూతికి డమ్మీ బిగించాడు. డమ్మీ అంటే మరలున్న ఇనుప బిరడా. నూనెకు వేరే దారి లేక వెనుక లిఫ్టు గుండా పోయింది. లిఫ్టు లేచింది.

"లేచిందమ్మీ!" అని ఇంట్లోకి అరిచాడు. చిన్నపిల్లాడిలా నవ్వాడు. వీధి చివరి బండి దగ్గర నుంచి మామిడిపండ్లు తెప్పించాడు. అందులో రెండు నాకని విడిగా పంపాడు. చెడ్డవాడైతే నాకు సులువుగా ఉండేది.

లిఫ్టు దారి ఇచ్చినంతసేపు ఏమీ కాదు. అది చివరిదాకా లేచి ఆగితే, అప్పుడే బకెట్ మీద బరువుంటే, ఆ నూనె ఎటు పోవాలి? ఇనుమును చీల్చుకుని పోవాలి. అబ్బా ఉంటే ఆ డమ్మీ చూసి చెప్పు విసిరేవాడు.

మే 21, మంగళవారం

అమ్మీకి చెప్పాను. "వాల్వులో ఒక గొట్టం తక్కువుంది, భాయ్‌కు చెప్పండి" అన్నాను. నేను చెప్పాల్సింది చెప్పేశాను.

మే 22, బుధవారం

ట్రాక్టర్ వెళ్ళిపోయింది. మల్లన్న బానెట్‌కు సిందూరం పెట్టి కొబ్బరికాయ కొట్టాడు. జబ్బార్ భాయ్ తాళంచెవి కోసం అవతలికి పోయినప్పుడు పరదా దగ్గరికి వచ్చాడు.

"చెల్లే, జర మంచినీళ్ళియ్యి."

కుండలో నీళ్ళు ముంచి చెంబు గడప మీద పెట్టాను. గటగటా తాగాడు.

"నీళ్ళు సల్లగున్నయ్ తల్లీ" అని చెంబు పెట్టి పోయాడు.

షెడ్డులో ఇంకెవరూ లేరు. గాజుల డబ్బా మూడడుగుల దూరంలో ఉంది.

నేను అమ్మీకి చెప్పాను కదా.

మే 24, శుక్రవారం

ఫోన్. మంచిగున్న అన్నాను.

మే 26, ఆదివారం

మల్లన్న కాలు మీద బకెట్ పడింది.

మే 27, సోమవారం

రాయాలి. రాయకపోతే లోపల అదే తిరుగుతోంది.

నిన్న పొద్దున ట్రాలీలోకి పెంట ఎత్తుతున్నాడట. బకెట్ నిండుగా పైకి లేపి ఉంచి, టైరు కింద రాయి తీద్దామని దిగాడు. వెనుక లిఫ్టు చివరిదాకా లేచి ఆగి ఉంది. ఇంజిన్ నడుస్తోంది. వాల్వు దిమ్మ పగిలింది, నూనె చిమ్మింది, బకెట్ ఒక్కసారిగా కింద పడింది. కుడి పాదం మీద. చెప్పులు లేవు.

జబ్బార్ భాయ్ నిర్మల్ ఆసుపత్రికి పోయి వచ్చాడు. అన్నం ముట్టలేదు. గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"లోడు ఎక్కువ ఎత్తిండు అమ్మీ. నేనేం జెయ్యాలె?"

ఆయన మళ్ళీ అదే మాట అన్నాడు. నాలుగుసార్లు లెక్కపెట్టాను. అడిగినవాళ్ళు ఎవరూ లేరు.

మే 28, మంగళవారం

మే 21న రాసింది మళ్ళీ చదివాను. అమ్మీకి చెప్పాను అని ఉంది. అబద్ధం కాదు. చెప్పాను.

అమ్మీ అప్పుడు నమాజుకు ముందు వజూ చేస్తోంది, చేతులూ కాళ్ళూ కడుక్కుంటోంది, నల్లా ధారగా పడుతోంది. నేను తలుపు చాటున నిలబడి, నేల చూస్తూ చెప్పాను.

"ఏందీ?" అంది అమ్మీ నల్లా కట్టి.

"ఏం లేదు. ఉప్పయిపోయింది" అన్నాను.

ఆ రోజు ఇది రాయలేదు.

ఇంకొకటి కూడా రాయలేదు. పోకుండా ఉంటుందని గొట్టం దాచలేదు నేను. దారాలు మోరీలో పారేసినందుకు దాచాను. నన్ను అడగాలి, నా అవసరం ఒక్కసారైనా పడాలి అని దాచాను. జబ్బార్ భాయ్ తల వంచాలనుకున్నాను. తల వంచి టైరు కింద రాయి తీసింది మల్లన్న.

మే 29, బుధవారం

మల్లన్న భార్య కిష్టవ్వ వచ్చింది. విరిగిన ట్రాక్టర్‌ను ఇంకో ట్రాక్టర్‌కు కట్టి లాక్కొచ్చారు. కిష్టవ్వ షెడ్డు మధ్యలో నిలబడి జబ్బార్ భాయ్‌తో అంది:

"మెల్లగ దిగుతుందని నీ దగ్గరికి తెస్తిమి భాయ్. మంచిగ జేసినవు. మెల్లగ దిగుడు బందయింది."

జబ్బార్ భాయ్ చేతిలోని పానా వైపే చూస్తూ నిలబడ్డాడు. "గసుంటి వాల్వే నిర్మల్ల పాత సామాన్ల దొరికింది అవ్వా. సోమవారం వరకు బిగించి ఇస్త" అన్నాడు.

అమ్మీ ఆమెను లోపలికి పిలిచింది. నేను చాయ్ ఇచ్చాను. ఆమె తాగలేదు, గ్లాసు పట్టుకునే కూర్చుంది.

"మూడు కాలి వేళ్ళు తీసేసిండ్రు బిడ్డా. దానికి ఏడుస్తలేడు. మాల మీదుండి బావమర్దిని తిట్టిండట, గట్టు పంచాయితిల. నోరు జారిన, గందుకే స్వామి కాలు తీసుకున్నడు అంటుండు. గా మాటే పొద్దుమాపు. గోడ దిక్కు తిరిగి పండుకుంటడు. ఊరోళ్ళు గూడ గదే అనవట్టిరి. మొక్కు ముట్టలేదట ఆయనది."

అమ్మీ "అల్లా మేలు చేస్తడు" అంది.

నేను గ్లాసు తీసుకున్నాను. చాయ్ మీద మీగడ కట్టింది.

మే 30, గురువారం

ట్రేలో కడగడానికి సామాను వచ్చింది. అందులో డమ్మీ ఉంది. మళ్ళీ అదే బిగిస్తాడు. డమ్మీని కడిగాను, తుడిచాను, పెట్టాను. నా చేతులు ఎంత బుద్ధిగా ఉన్నాయో.

మే 31, శుక్రవారం

ఫోన్ వచ్చేసరికి జబ్బార్ భాయ్ మసీదు నుంచి రాలేదు. అమ్మీ రెండు మాటలు మాట్లాడి నమాజుకు లేచింది. ఏడు నెలల్లో మొదటిసారి ఫోన్ నా చేతిలో ఒంటరిగా ఉంది. అంతా చెప్పాను. గొట్టం, డబ్బా, డమ్మీ. ఎక్కడా ఆగలేదు.

ఆయన తెరకు దగ్గరగా జరిగాడు.

"పడెయ్" అన్నాడు.

"ఏంది?"

"గా గొట్టం. మోరీల పడెయ్. భాయ్ కావాలని జేసిండా? మా అబ్బా పోయినంక నన్ను పెంచింది గాయనే, గీడికి పంపింది గాయనే."

"మళ్ళ గట్లనే బిగిస్తుండు. మళ్ళ పగుల్తది."

"నీకెట్ల తెలుసు? నువ్వు మిస్త్రీవా?"

ఆయన గొంతు తగ్గించాడు.

"నౌషీన్. నువ్వే దాచినవని తెలిస్తే నిన్ను ఇంట్ల ఉంచుతరా? నేను గీడుండి ఏం జెయ్యాలె?"

అది నా మంచికే అన్నాడు. ఆయన మంచివాడు.

జూన్ 1, శనివారం

పెద్ద జయంతి. కొండగట్టు పోయే బండ్లు పొద్దున్నుంచి వీధిలో పోతూనే ఉన్నాయి. కిటికీ అంతా కాషాయం.

గొట్టం మోరీలో పడేశాను.

జూన్ 2, ఆదివారం

పడేయలేదు. పడేశానని మా ఆయనకు చెప్పే ముందు, రాస్తే ఎలా ఉంటుందో చూసుకున్నాను. బాగాలేదు.

ఈ పొద్దున ఒక పని చేశాను. కడిగిన సామాను ట్రేలో అన్నిటికంటే పైన గొట్టం పెట్టాను. దానికి పచ్చ దారం కట్టి పెట్టాను. పరదా సందులోంచి చూస్తూ నిలబడ్డాను.

జబ్బార్ భాయ్ ట్రే తీసుకున్నాడు. చూశాడు. గొట్టం వేలికి పెట్టుకుని తిప్పాడు. నిర్మల్ నుంచి తెచ్చిన వాల్వు మూతిలో పెట్టి చూశాడు. సరిగ్గా కూర్చుంది. అప్పుడు ఆయన ముఖంలో రంగు పోవడం నేను చూశాను. ఏది తక్కువైందో, తాను ఏది మూశాడో, మల్లన్న కాలు ఎందుకు పోయిందో అన్నీ అక్కడే తెలిశాయి. పరదా వైపు తిరిగాడు. నేను ఉన్నానని ఆయనకు తెలుసు. చాలాసేపు అలాగే చూశాడు.

తర్వాత గొట్టం బయటికి తీశాడు. డమ్మీ తీసుకుని బిగించాడు.

మధ్యాహ్నం ట్రే గడప మీదికి తిరిగొచ్చింది. ఖాళీ ట్రేలో గొట్టం ఒక్కటే ఉంది. దారం కోసేసి ఉంది.

పెళ్ళయ్యాక ఈ రోజే మొదటిసారి జబ్బార్ భాయ్‌తో మాట్లాడాను, నోటితో కాదు, ట్రేతో. ఆయనా జవాబిచ్చాడు.

గొట్టం పెడితే తప్పు తనదని ఒప్పుకున్నట్టు. డమ్మీ ఉంటే తప్పు లోడు ఎక్కువ ఎత్తిన మల్లన్నది. నేను ఇరవై మూడు రోజులు గాజుల డబ్బాలో దాచుకున్నది కూడా అలాంటిదే. మా ఇద్దరికీ పెద్ద తేడా లేదు. ఆయన కిటికీకి అటు, నేను ఇటు.

జూన్ 3, సోమవారం

మల్లన్న అన్నకు,

నన్ను మీరు చెల్లె అన్నారు కాబట్టి అన్న అని రాస్తున్నాను. ఈ డైరీలో మొదటి పేజీ నుంచి ఇక్కడి దాకా చింపి మీకు పంపుతున్నాను. ట్రాక్టర్ కోసం కిష్టవ్వ ఈ రోజు వస్తుంది. లోపలికి నీళ్ళకు వచ్చినప్పుడు గొట్టంతో పాటు గుడ్డలో చుట్టి ఆమె చేతికిస్తాను. ఆమెకు చదవడం రాదని తెలుసు, మీకు వచ్చని కూడా తెలుసు. షెడ్డు గోడ మీది బోర్డు మీరు పైకి చదవడం విన్నాను. నా రాత ఎలా ఉంటుందో మొదటి పేజీలోనే చెప్పాను. అక్కడక్కడ నా ఇంటి సంగతులు కూడా ఉన్నాయి. వాటిని కొట్టేద్దామనుకున్నాను. కొట్టేస్తే మిగతాదీ మీరు నమ్మరు.

మీ కాలు తీసుకున్నది స్వామి కాదు. మీరు బావమర్దిని తిట్టినందుకు వాల్వు పగలలేదు. నూనె తిరిగి పోయే దారి మూసినందుకు పగిలింది. మూసింది జబ్బార్ భాయ్, తెలిసీ నోరు మూసుకున్నది నేను. ఈ మాట మీ ఊళ్ళో చెప్పుకోండి. గోడ వైపు తిరిగి పడుకోకండి.

ట్రాక్టర్ ఇంటికొచ్చాక స్టార్ట్ చేయొద్దు. వేరే మిస్త్రీని పిలవండి. నేను పైపులకు దారాలు కట్టింది మీరు చూశారు, ఇప్పుడవి లేవు. పచ్చ దారం పైపు వెనుక లిఫ్టుకు పోయేది, దాని మూతిలో ఈ గొట్టం కూర్చోబెట్టమనండి. నల్ల దారం పైపు ట్యాంకుకు పోయేది, అది ఇప్పుడు ఊడి వేలాడుతూ ఉంటుంది. డమ్మీ తీసేసి దాన్ని మళ్ళీ కలపమనండి. గొట్టం అక్కర్లేదని మిస్త్రీ అంటే వినకండి.

నన్ను ఇంట్లో ఉంచుతారో లేదో నాకు తెలియదు. శ్రీరాంపూర్ బస్సు ఎన్నింటికో తెలుసు.

చదివాక ఈ కాగితాలు కాల్చేయండి. మిస్త్రీకి చూపించాల్సి వస్తే చూపించి కాల్చండి. గొట్టం మాత్రం దగ్గర పెట్టుకోండి. ఆ రోజు కిటికీ దగ్గర మీరు అడిగింది మంచినీళ్ళు, అవి ఇచ్చాను. అడగనిది ఇప్పుడు ఇస్తున్నాను.